అద్దాలు, తలుపులు, తాళంచెవులు: ఏ లెవెల్ ఎడిటర్ వాడాలి?

ప్రశ్న: నేను, నా స్నేహితురాలు కలిసి బ్రౌజర్‌లో ఆడే ఒక పజిల్ గేమ్ చేస్తున్నాం. కోడ్ నాది, బొమ్మలు ఆమెవి. బ్రౌజర్ గేములు రాయడానికి పనికొచ్చే ఫేజర్ అనే కోడ్ లైబ్రరీ వాడుతున్నాను. పైనుంచి చూసే గేమ్. గదుల్లో తాళంచెవులు, తలుపులు, కాపలావాళ్లు, కాంతి కిరణాన్ని మళ్లించే అద్దాలు ఉంటాయి. అద్దాల్ని ఏ కోణంలోనైనా పెట్టొచ్చు. ఇప్పటికి 12 లెవెళ్లు అయ్యాయి, 40 చేయాలని అనుకున్నాం. ఏ వస్తువు ఎక్కడుండాలో అంతా కోడ్‌లోనే అంకెలుగా రాశాను. ఒక తలుపును కాస్త పక్కకు జరపాలన్నా ఆమె నన్ను అడగాల్సి వస్తోంది. వస్తువుల్ని మ్యాప్ మీద పెట్టుకునే లెవెల్ ఎడిటర్ ఏదైనా తీసుకుందామంటే టైల్డ్ వాడమని ఒకరు, ఎల్‌డీటీకే బాగుంటుందని ఇంకొకరు, అసలు గొడాట్ అనే గేమ్ ఇంజిన్‌కి మారిపొమ్మని మరొకరు అంటున్నారు. సొంతంగా ఒక ఎడిటర్ రాసుకుంటే గొడవ వదిలిపోతుంది కదా అని నాకనిపిస్తోంది. దీని తర్వాత 3డీ గేమ్ చేయాలని ఉంది. దానికీ పనికొచ్చేది ఇప్పుడే నేర్చుకోవడం మంచిదా?

సమాధానం: టైల్డ్ తీసుకోండి. గేమ్‌ను ఫేజర్‌లోనే ఉంచండి. సొంత ఎడిటర్ ఆలోచన మానుకోండి. 3డీ సంగతి ఈ గేమ్ అయ్యాక చూడొచ్చు. కారణాలు కూడా చెబుతాను, లేకపోతే రేపు నాలుగో మనిషి ఇంకో పేరు చెప్పగానే మళ్లీ మొదటికొస్తారు.

ఎడిటర్లను పోల్చేటప్పుడు చాలామంది చూసేది వస్తువును పెట్టడం ఎంత తేలికో అని. పెట్టడం అన్నిట్లోనూ తేలికే. జాబితాలోంచి పట్టుకుని మ్యాప్ మీద వదిలితే అయిపోతుంది. అసలు తేడా తెలిసేది పెట్టినవాటిని మార్చాల్సి వచ్చినప్పుడు. ఒక గదిని రెండు గడులు వెడల్పు చేయాలి. ఒక తాళంచెవి వేరే తలుపును తెరవాలి. కాపలావాళ్లందరి నడక కొంచెం తగ్గించాలి. పజిల్ గేమ్‌లో ఒక వస్తువును ఒకసారి పెడతారు, ఇరవైసార్లు కదుపుతారు. కదిపిన ప్రతిసారీ ఆడి చూస్తారు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌నైనా రెండు ప్రశ్నలతో చూడండి. మార్పు చేశాక ఆడి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? ఆ మార్పు చేయడానికి ప్రోగ్రామర్ కావాలా, అక్కర్లేదా? మీరు ఇప్పుడు చేస్తున్న పద్ధతి రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది. అందుకే ఉత్తరం రాశారు.

ఎల్‌డీటీకే చెడ్డదేమీ కాదు. డెడ్ సెల్స్ గేమ్ రూపకర్తల్లో ఒకరైన సెబాస్టియన్ బెనార్ చేసిన ఉచిత ఎడిటర్ అది. 2020లో మొదటిసారి బయటికొచ్చింది. బొమ్మలు వేసే మనిషి చేతికిస్తే పెద్దగా నేర్పించాల్సిన పని ఉండదు, చూడ్డానికీ ముచ్చటగా ఉంటుంది. అందులో నాకు బాగా నచ్చేది దాని క్రమశిక్షణ. 'తాళంచెవి' అనే రకాన్ని ముందే నిర్వచిస్తారు. దానికి 'ఏ తలుపు' అనే ఖాళీ ఉంటుందని, అందులో తలుపును తప్ప మరొకదాన్ని పెట్టకూడదని చెప్పొచ్చు. ఆటగాడు మొదలయ్యే చోటు లెవెల్‌కు ఒక్కటే అని చెబితే రెండోది పెట్టనివ్వదు. మీ ఇద్దరి మధ్య జరిగే సగం పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి.

మరి ఎందుకు వద్దంటున్నానంటే, మీ అద్దాల వల్ల. ఎల్‌డీటీకేలో వస్తువును తిప్పడం కుదరదు. కోణం అని ఒక అంకె రాసుకోవచ్చు గానీ, మ్యాప్ మీద అద్దం నిటారుగానే కనిపిస్తుంది. కిరణం ఎటు మళ్లుతుందో కంటితో చూస్తూ పెట్టాల్సిన గేమ్‌లో, 37 అని టైప్ చేసి బ్రౌజర్‌లోకి వెళ్లి చూసుకుని మళ్లీ వచ్చి 42 అని మార్చడం ఎంత విసుగో ఆలోచించండి. మీ గేమ్‌లో అద్దాలు లేకుండా తాళంచెవులు, తలుపులే ఉండి ఉంటే ఎల్‌డీటీకేనే చెప్పేదాన్ని.

టైల్డ్‌లో వస్తువును చేత్తో తిప్పొచ్చు. కంట్రోల్ నొక్కి పట్టుకుని తిప్పితే 15 డిగ్రీల చొప్పున ఆగుతుంది. కాపలావాడు నడిచే దారిని గీతలా గీయొచ్చు, వంకర గదిని బహుభుజిగా గీయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, టైల్డ్ మ్యాప్‌ను చదవడం ఫేజర్‌కు ముందే వచ్చు. ఎల్‌డీటీకే ఫైలైతే చదివే కోడ్ మీరు రాసుకోవాలి, లేదా ఎవరో రాసినదాన్ని నమ్ముకోవాలి. టైల్డ్ కూడా ఉచితమే. ఎన్నో ఏళ్లుగా ఉంది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. చూడ్డానికి కాస్త పాతకాలం వాసన వేస్తుంది. మీ స్నేహితురాలు మొదట్లో మూతి విరవొచ్చు. ఒక వారం ఓపిక పట్టమనండి.

ఇక టైల్డ్, ఫేజర్ కలిసేచోట కాలికి తగిలే రాళ్లు కొన్నున్నాయి. ఇవి తెలియక చాలామంది మొదటి సాయంత్రమే 'ఇది మనవల్ల కాదు' అని వదిలేస్తారు.

మొదటిది, వస్తువు ఉండాల్సిన చోట కాకుండా పక్కన కనిపించడం. మీ గడి 16 పిక్సెళ్లు అనుకుందాం. సున్నా నుంచి లెక్కపెడితే మూడో నిలువు వరుస, ఐదో అడ్డ వరుసలో ఒక అద్దం పెట్టారు. ఆ గడి పై ఎడమ మూల 48, 80. కానీ గేమ్ కోసం టైల్డ్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌లో 48, 96 అని ఉంటుంది. మామూలు చదరపు గడుల మ్యాప్‌లో టైల్ (గడిలో పట్టే చిన్న బొమ్మ) తో పెట్టిన వస్తువుకు టైల్డ్ కింది ఎడమ మూలను లెక్కలోకి తీసుకుంటుంది. బొమ్మ లేకుండా గీసిన దీర్ఘచతురస్రానికైతే పై ఎడమ మూలను. ఒకే ఫైల్‌లో రెండు పద్ధతులూ ఉంటాయి. ఫేజర్ స్ప్రైట్, అంటే గేమ్‌లో తెర మీద కనిపించే బొమ్మ, మాత్రం తన మధ్య బిందువును చూస్తుంది. దాంతో 48, 96ను నేరుగా ఇస్తే అద్దం 8 పిక్సెళ్లు ఎడమకు, 8 పిక్సెళ్లు కిందికి జరిగి కనిపిస్తుంది.

ఇంతేగా, 8 కలిపి 8 తీసేద్దాం అనుకుంటారు. తిప్పని వస్తువులన్నీ చక్కగా కుదురుకుంటాయి కూడా. ఇప్పుడు అదే అద్దాన్ని అదే గడిలో ఉంచి 90 డిగ్రీలు కుడికి తిప్పండి. ఫైల్‌లో 48, 80 అవుతుంది, ఎందుకంటే వస్తువుతోపాటు ఆ మూల కూడా తిరిగి పైకెళ్లింది. మీరు కలిపి తీసేసిన 8 ఇక్కడ పనిచేయదు, అద్దం ఒక గడి పైకి పోతుంది. 15 డిగ్రీలకు ఒక తేడా, 30కి ఇంకో తేడా. దీనికి విరుగుడు ఫేజర్‌లోనే ఉంది. వస్తువుల జాబితాలోంచి మీరే ఒక్కొక్కటి తీసి స్ప్రైట్లు పెట్టకండి. ఫేజర్‌లో మ్యాప్‌ను పట్టుకునే టైల్‌మ్యాప్‌కు 'క్రియేట్ ఫ్రమ్ ఆబ్జెక్ట్స్' అనే ఫంక్షన్ ఉంది. ఏ మూల, ఎంత కోణం అన్న లెక్కంతా అదే చూసుకుంటుంది.

రెండో రాయి టైల్‌సెట్. టైల్డ్ బొమ్మల సెట్‌ను వేరే ఫైల్‌గా ఉంచుతుంది, మ్యాప్‌లో దాని పేరు మాత్రమే రాస్తుంది. మంచి అలవాటే గానీ ఫేజర్ ఆ బయటి ఫైల్‌ను తెరవదు. ఎక్స్‌పోర్ట్ ఆప్షన్లలో టైల్‌సెట్‌ను మ్యాప్‌లోనే పొందుపరిచే చెక్‌బాక్స్ ఉంటుంది, పెట్టేయండి. టెంప్లేట్లు (మళ్లీ మళ్లీ వాడే వస్తువు నమూనాలు) వాడితే వాటిని విడదీసే చెక్‌బాక్స్ కూడా అక్కడే ఉంటుంది.

మూడోదాన్ని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. టైల్డ్‌లో 'కాపలావాడు' అనే క్లాస్ (వస్తువు రకం) తయారుచేసి వేగం 60 అని పెట్టారు. మీ స్నేహితురాలు ఒక కాపలావాణ్ణి పెట్టి, వేగాన్ని ముట్టుకోలేదు. టైల్డ్ తెర మీద 60 అనే కనిపిస్తుంది. ఫైల్‌లో మాత్రం వేగం అన్న మాటే ఉండదు, ఎందుకంటే మార్చిన విలువలనే టైల్డ్ రాస్తుంది. మీ కోడ్ లేని వేగంతో గుణకారం చేస్తుంది, లెక్క చెడిపోతుంది, కాపలావాడు తెరమీంచి మాయమవుతాడు. ఆమె వేగాన్ని 61 చేయగానే ప్రత్యక్షమవుతాడు! ఎక్స్‌పోర్ట్ ఆప్షన్లలోనే 'రిజాల్వ్' అని మొదలయ్యే చెక్‌బాక్స్ ఉంది. అది పెడితే మార్చని విలువలు కూడా ఫైల్‌లోకి వస్తాయి.

ఈ చెక్‌బాక్సులన్నీ పనిచేయాలంటే మీరు ఎక్స్‌పోర్ట్ చేయాలి. మ్యాప్‌ను నేరుగా జేసన్‌గా (ఫేజర్ చదివే టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసుకుని వాడితే ఇవేవీ వర్తించవు. అందుకని పని టైల్డ్ సొంత రకమైన టీఎమ్‌ఎక్స్ ఫైల్‌లో చేయండి, గేమ్‌కు ఎక్స్‌పోర్ట్ చేసిన జేసన్ ఇవ్వండి. సేవ్ చేసిన ప్రతిసారీ కిందటి ఎక్స్‌పోర్ట్‌ను మళ్లీ చేసే ఆప్షన్ ఒకటుంది. అది పెడితే మీ స్నేహితురాలికి కంట్రోల్ ఎస్ ఒక్కటి తెలిస్తే చాలు. దాంతోపాటు మీ వైపునుంచి ఒక చిన్న పని చేసిపెట్టండి. బ్రౌజర్ అడ్రస్‌లో లెవెల్ నంబరు ఇస్తే గేమ్ నేరుగా అక్కడే మొదలయ్యేలా చూడండి. 27వ లెవెల్‌లో అద్దం జరిపి చూడ్డానికి టైటిల్ స్క్రీన్, మెనూ దాటుకుని రావాల్సి వస్తే ఎంత మంచి ఎడిటర్ ఇచ్చినా ఆమెకు ఉపయోగం లేదు.

కాపలావాడి వేగం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అందరికీ ఒకటే అయిన అంకెల్ని అసలు ఎడిటర్‌లో పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఏ వస్తువు, ఎక్కడ, ఏ కోణంలో, దేనితో ముడిపడి ఉంది అన్నవి ఎడిటర్‌లో ఉండాలి. వేగం, చూపు దూరం, తలుపు తెరుచుకునే సమయం లాంటివి కోడ్‌లో ఒకేచోట ఉండాలి. ఫలానా ఒక్క కాపలావాడు మిగతావాళ్లకంటే నెమ్మదిగా నడవాలంటే, అతనికి మాత్రం ఎడిటర్‌లో రాయండి. అన్నీ ఎడిటర్‌లో కనిపిస్తే బాగుంటుంది కదా అని మొదట్లో అనిపిస్తుంది. 40 లెవెళ్లలో ఎవరు దేన్ని ఎందుకు మార్చారో వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు ఆ మోజు తీరిపోతుంది.

తాళంచెవికీ తలుపుకూ ముడి వేయడానికి పేర్లు వాడకండి. 'ఎర్ర తలుపు 2' అని ఒకచోట, 'ఎర్రతలుపు 2' అని ఇంకోచోట రాస్తే అంతే సంగతులు. టైల్డ్‌లో వస్తువుకు రాసుకునే వివరాల్లో (ప్రాపర్టీల్లో) ఆబ్జెక్ట్ అనే రకం ఉంది. దాన్ని పెట్టి మ్యాప్ మీదే తలుపును క్లిక్ చేసి చూపించొచ్చు, రెండింటి మధ్య గీత కూడా కనిపిస్తుంది. ఫైల్‌లోకి ఆ తలుపు ఐడీ వెళ్తుంది. ఒక్క జాగ్రత్త: తాళంచెవిని కాపీ చేసి ఇంకోచోట పెడితే, కొత్తది కూడా పాత తలుపునే చూపిస్తుంది.

ఇలాంటివి ఎల్‌డీటీకేలో అయితే కొన్ని అదే ఆపేదని చెప్పాను కదా. టైల్డ్ అంతగా అడ్డుకోదు, కాబట్టి ఆ పని మీ కోడ్ చేయాలి. లెవెల్ లోడవగానే నాలుగు సంగతులు చూడండి: మొదలయ్యే చోటు ఒక్కటే ఉందా, ప్రతి తాళంచెవికీ తలుపు ఉందా, ఆ ఐడీ నిజంగా తలుపుదేనా, ఏ వస్తువైనా మ్యాప్ బయట పడి ఉందా. తప్పుంటే ప్రోగ్రామర్లు చూసుకునే బ్రౌజర్ కన్సోల్‌లో కాదు, తెర మీదే పెద్ద అక్షరాల్లో చూపించండి. మీ స్నేహితురాలు కన్సోల్ తెరవదు. తెరవాల్సిన అవసరమూ ఆమెకు రాకూడదు.

ఇప్పటికే ఉన్న 12 లెవెళ్లను చేత్తో మళ్లీ పెట్టుకోకండి. మీ అంకెలన్నీ కోడ్‌లో శుభ్రంగా ఉన్నాయి కాబట్టి వాటినుంచి టైల్డ్ జేసన్ రాసే చిన్న స్క్రిప్ట్ చేయొచ్చు. ఖాళీ మ్యాప్‌లో రకానికొకటి చొప్పున పెట్టి, జేసన్‌గా సేవ్ చేసి, ఆ ఫైల్ తెరిచి చూస్తే ఎలా రాయాలో అర్థమవుతుంది. స్క్రిప్ట్‌లో కూడా కింది ఎడమ మూల సంగతి గుర్తుంచుకోండి. సేవ్ చేసిన ఫైల్‌లో 2147483649 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడొద్దు. ఒకటో నంబరు టైల్‌ను అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా తిప్పి పెట్టారని దాని అర్థం. ఆ సమాచారాన్ని అంకెలో పైనున్న బిట్‌లో దాస్తారు, ఫేజర్‌కు అది తెలుసు.

ఏది వాడాలన్నా ముందు ఒక సాయంత్రం పరీక్ష పెట్టండి, టైల్డ్‌కైనా సరే. మీ 12 లెవెళ్లలో అన్నిటికన్నా చిక్కుగా ఉన్నది తీసుకోండి. తేలికైన గదిలో అన్ని ఎడిటర్లూ బాగానే కనిపిస్తాయి. ఎడిటర్ ముందు మీరు కాదు, మీ స్నేహితురాలు కూర్చోవాలి. గది కట్టడం అయ్యాక, దాన్ని ఎడమవైపు రెండు గడులు పెంచమనండి, ఒక తలుపు మార్చమనండి, అద్దాలన్నిటినీ ఒకేసారి పట్టుకుని జరపమనండి. మీరు పక్కన కూర్చుని నోరు మెదపకండి. ఆమె ఎక్కడ ఆగి మీవైపు చూస్తుందో అక్కడ ఎడిటర్‌కైనా, మీ కోడ్‌కైనా ఏదో సవరణ కావాలి.

సొంత ఎడిటర్ గురించి రెండు మాటలు. గడి మీద క్లిక్ చేస్తే తలుపు పడటం ఒక పూటలో అయిపోతుంది. తర్వాత అన్‌డూ కావాలి, పదింటిని కలిపి ఎంచుకోవడం కావాలి, కాపీ పేస్ట్ కావాలి, సేవ్ మధ్యలో ఆగిపోతే పాత ఫైల్ పోకుండా చూడాలి. ఆ పని పూర్తయ్యేసరికి గేమ్ అక్కడే ఉంటుంది. ఆడేవాళ్లే లెవెళ్లు కట్టుకునే గేమ్ అయితే తప్ప దాని జోలికి పోవద్దు.

గొడాట్ మంచి ఇంజిన్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనే చెబుతుంటాను. అందులో లెవెల్ ఎడిటర్ కోసం బయటికి వెళ్లక్కర్లేదు. తలుపును ఒక సీన్‌గా చేసుకుంటే, కోడ్, బొమ్మ, శబ్దం అన్నీ కలిసి ఒకే వస్తువుగా మ్యాప్‌లో పడుతుంది. సీన్ ఫైళ్లు టెక్స్ట్‌లో ఉంటాయి కాబట్టి ఫైళ్లలో మార్పుల్ని నమోదు చేసే గిట్‌లో ఏం మారిందో చదవొచ్చు. కానీ నడుస్తున్న గేమ్‌ను, 12 లెవెళ్లను వదిలేసి, వస్తువులు పెట్టుకోవడానికి తేలిగ్గా ఉంటుందని ఇంజిన్ మార్చడం తగదు. ఒకవేళ తర్వాత మారితే, నెట్‌లో పాత పాఠాలు చూసేటప్పుడు వెర్షన్ గమనించండి. 2024లో వచ్చిన గొడాట్ 4.3 నుంచి, మ్యాప్ మొత్తానికి ఒకే టైల్‌మ్యాప్ నోడ్ (సీన్‌లోని ఒక భాగం) స్థానంలో లేయర్‌కొక నోడ్ పద్ధతి వచ్చింది.

గిట్ వాడుతున్నారనే అనుకుంటున్నాను. లెవెల్‌కొక ఫైల్ పెట్టండి, ఒక ఫైల్‌ను ఒకసారి ఒకరే ముట్టుకోండి. మ్యాప్ ప్రాపర్టీల్లో లేయర్ డేటాను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన అంకెలుగా) ఉంచితే మార్పులు కంటికి కనిపిస్తాయి. కుదించి దాచే పద్ధతులు పెడితే ఏం మారిందో అర్థం కాదు.

ఇక 3డీ. టైల్డ్ 2డీ మ్యాపుల కోసం చేసిన ఎడిటర్, అక్కడ పనికిరాదు. అందుకని బాధపడక్కర్లేదు. 3డీలో మీరు ఏ ఇంజిన్ ఎంచుకుంటే వస్తువుల్ని పెట్టేది చాలావరకు ఆ ఇంజిన్ ఎడిటర్‌లోనే. యూనిటీలో ప్రీఫ్యాబ్, గొడాట్‌లో సీన్, అన్‌రియల్‌లో బ్లూప్రింట్ యాక్టర్. పేర్లు వేరైనా ఉద్దేశం ఒకటే, మూలాన్ని మారిస్తే పెట్టిన చోటల్లా మారాలి. వేల చెట్లు, రాళ్లు ఒక్కొక్కటిగా పెట్టే పని ఎవరూ చేయరు. అన్‌రియల్‌లో ఫోలియేజ్ మోడ్‌తో బ్రష్‌లా పూస్తారు, లేదా 5.2 నుంచి వచ్చిన పీసీజీతో నియమాలు రాసి చల్లుతారు. గదులు, మెట్లు, నడవాలతో నిండిన గేమ్ అయితే ట్రెంచ్‌బ్రూమ్ అనే ఉచిత ఎడిటర్‌ను ఒకసారి చూడండి. 1996 నాటి క్వేక్ గేమ్ కోసం చేసినది. అందులో బటన్‌కు 'టార్గెట్' అని ఒక పేరు రాసి, తలుపుకు అదే పేరు పెడితే ముడి పడిపోతుంది. పేర్లు వాడొద్దని పైన నేనే చెప్పాను, నిజమే. కానీ అక్కడ ఆ పద్ధతి ఇన్నేళ్లుగా నడుస్తోంది. ఆ మ్యాపుల్ని గొడాట్‌లోకి తెచ్చే ప్లగిన్లు కూడా ఉన్నాయి.

లెవెల్ మొత్తాన్ని 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లోనే పేర్చుకుందామని మీ స్నేహితురాలికి తప్పకుండా అనిపిస్తుంది, ఆమెకు చేయి తిరిగింది అందులోనే అయితే. కదలని గోడలు, నేల, అలంకారాలు అక్కడ పేర్చుకోవచ్చు. తలుపు, కాపలావాడు లాంటి పనిచేసే వస్తువుల్ని మాత్రం ఇంజిన్‌లోనే పెట్టండి. బ్లెండర్‌లో వాటికి రాసే కస్టమ్ ప్రాపర్టీలు జీఎల్‌టీఎఫ్‌లోకి (3డీ బొమ్మల్ని ఇంజిన్‌కు పంపే ఫైల్‌లోకి) రావాలంటే ఎక్స్‌పోర్ట్‌లో ఒక చెక్‌బాక్స్ పెట్టాలి, వచ్చాక వాటిని చదివే కోడ్ మళ్లీ మీరే రాయాలి. కొలతలు కూడా మొదటిరోజే ఖాయం చేసుకోండి. యూనిటీ, గొడాట్‌లలో ఒక యూనిట్ అంటే మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు. బ్లెండర్‌లో పైకి చూసేది జెడ్, గొడాట్‌లో వై. ఒక మనిషంత ఎత్తు పెట్టెను బ్లెండర్‌నుంచి ఇంజిన్‌లోకి పంపి, అది సరైన సైజులో, నిటారుగా నిలబడిందని చూశాకే రెండో బొమ్మ మొదలుపెట్టమని ఆమెకు చెప్పండి.